రంభ ఉప్పునీళ్ళకీ జోలాపుట్ మంచినీళ్ళకీ ఒకే పడవ: ఏది ముందు చూడాలి?

బరంపురం బోటు (బరంపురం, గంజాం జిల్లా)
అందరికీ నమస్కారం. చేతులు మారి వచ్చిన 18 అడుగుల ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) పడవ, 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే ఇంజిను), సింగిల్ యాక్సిల్ ట్రైలర్. ఏడాదిలో ఎక్కువ భాగం చిలికా సరస్సులో రంభ దగ్గర, డిసెంబర్, జనవరిల్లో జోలాపుట్ రిజర్వాయర్లో తిప్పాలి. సొంత షికారుకే. ఇప్పుడు పడవ ఉన్న తీరు: ఇంజిను కాలి (నీళ్ళలో మునిగే కింది భాగం) మీది జింక్ ఆనోడ్ (కాలి బదులు తాను అరిగే లోహపు బిళ్ళ) సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడింది, అరిగిన జాడే లేదు. గేరాయిల్ వదిలితే పాలెక్కువైన టీలా వచ్చింది. నలుగురు కూర్చుంటే ఫుల్ థ్రాటిల్లో 4,200 ఆర్‌పీఎం దాటదు, ప్రొపెల్లర్ మీద 13 పిచ్ (ఒక చుట్టుకి ముందుకు జరిగే అంగుళాలు) అని కొట్టి ఉంది. అణియం (పడవ ముందు భాగం) కింద ట్రైలర్ రోలర్ ఒరుసుకునే చోట జానెడు మేర పైపూత జెల్‌కోట్ లేచి లోపలి గాజునార మ్యాట్ బయటపడింది. నెలాఖరుకి నీళ్ళలో దించాలి. ఏది ముందు, ఏది వెనక?

ఘంటశిల (రంభ)
గేరాయిల్ ముందు. మిగతా మూడూ ఆగుతాయి, అది ఆగదు. నీళ్ళు కలిసిన ఆయిల్‌తో బేరింగులు తుప్పు పట్టాయంటే సీల్ ఖర్చు కాస్తా గేర్‌కేస్ ఖర్చు అవుతుంది.

ప్రొపెల్లర్ విప్పండి. కాటర్ పిన్ తీసి, నట్టు వదిలించి, థ్రస్ట్ వాషర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. ప్రొపెల్లర్ వెనక, షాఫ్ట్ కేసులోకి దూరే చోట వేలితో తడమండి. చిలికాలో తిరిగే పడవకి మొదటి అనుమానం టంగుసు దారం మీదే. తెగిన వల ముక్క ప్రొపెల్లర్‌కి చుట్టుకుని, జరిగి జరిగి సీల్ దగ్గరికి చేరుతుంది. అక్కడ రాపిడికి కరిగి నల్లటి రింగులా గట్టిపడి సీల్ పెదవిని కోసేస్తుంది. పైనుంచి చూస్తే సీల్ రబ్బరే అనిపిస్తుంది. గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తే దారమే.

అక్కడ సీళ్ళు రెండుంటాయి. ఒకటి పోయిందని ఒక్కటే మార్చొద్దు. డ్రెయిన్ స్క్రూ, వెంట్ స్క్రూల వాషర్లు కూడా కొత్తవి. పాత వాషర్‌నే బిగించినా ఇలాగే పాలరంగు వస్తుంది, కాబట్టి సీల్‌ని తిట్టేముందు వాటిని చూడండి.

బరంపురం బోటు
దారమా, వాషరా, ఇంకేదైనా సీలా అన్నది ఎలా తేల్చుకోవాలి అన్నా?

ఘంటశిల
ప్రెషర్ టెస్ట్. ఆయిల్ మొత్తం వదిలేసి, కింది స్క్రూ బిగించి, పై వెంట్ రంధ్రానికి గేజీ ఉన్న చేతిపంపు తగిలించి 10 పీఎస్‌ఐ పెట్టండి. అయిదు నిమిషాలు ముల్లు కదలకూడదు. కదిలితే ప్రొపెల్లర్ షాఫ్ట్, గేరు రాడ్డు, డ్రైవ్ షాఫ్ట్ ఈ మూడు చోట్లా సబ్బునీళ్ళు రాసి బుడగ ఎక్కడొస్తుందో చూడండి. షాఫ్టుని చేత్తో తిప్పుతూ చూడాలి. కొన్ని సీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు పట్టి, తిరిగేటప్పుడే వదులుతాయి.

ఆయిల్ నింపేది కింది రంధ్రం నుంచి. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా ఆయిల్ కారేదాకా కిందినుంచి ఎక్కించి, ముందు పై స్క్రూ, తరవాత కిందిది బిగించాలి. మాన్యువల్లో చెప్పిన మెరైన్ హైపాయిడ్ గేరాయిల్, 90 గ్రేడ్. 100 గంటలకోసారి మార్పు.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)
అన్న చెప్పింది కరెక్టే. ఒక్క మాట కలుపుత. సీల్ మార్చినంక ఒక్కసారి కొత్త ఆయిల్ పోసి ఊకోవద్దు. లోపల గోడలకు పాత తడి పట్టుకొని ఉంటది. తక్కువ ధర ఆయిల్ పోసి, నీళ్ల డ్రమ్ముల అయిదు నిమిషాలు గేర్ల నడిపి, వేడి మీదనే వదిలెయ్యాలె. ఇట్ల రెండు సార్లు. అప్పుడు అసలు ఆయిల్. డ్రెయిన్ స్క్రూ కొసకు అయస్కాంతం ఉంటది, దానికి బూడిదలెక్క పొడి అంటుకుంటె భయం లేదు. గోరంత తునకలు వస్తె మాత్రం గేర్లు విప్పి చూడాలె.

మాచ్‌ఖండ్ చలి (లమతాపుట్, కొరాపుట్ జిల్లా)
ఆనోడ్ సంగతి. జింక్ మంచినీళ్ళలో పనిచేయదు. మీద ఆక్సైడ్ పొర కట్టుకుని నిద్రపోతుంది. మీకు కనిపించే సున్నం అదే. ఆనోడ్ అరగలేదని సంతోషించేవాళ్ళున్నారు, అరగలేదంటే దాని బదులు ఇంజిను కాలు అరుగుతోందని అర్థం. మంచినీళ్ళకి మెగ్నీషియం ఆనోడ్ వేయాలి.

కొత్త తెడ్డు (ఛత్రపూర్)
అయితే మెగ్నీషియం వేసి ఏడాదంతా వదిలేస్తే సరి. రెండు చోట్లా బలంగా పనిచేస్తుంది కదా.

ఘంటశిల
వద్దు బాబూ. రంభ నీళ్ళలో మెగ్నీషియం సబ్బుబిళ్ళలా కరిగిపోతుంది. వారాల్లో ఖాళీ అవుతుంది, ఆ లోపు కాలు మీది పెయింటుని బుడగలు బుడగలుగా లేపుతుంది. అటూ ఇటూ తిరిగే పడవకి అల్యూమినియం ఆనోడ్. ఉప్పునీళ్ళలో జింక్‌కి తీసిపోదు, సవ్వ (ఉప్పూ మంచీ కలిసిన) నీళ్ళలో దానికన్నా నయం. ఏడాదిలో రెండు నెలల జోలాపుట్‌కి, అదీ రోజూ ట్రైలర్ ఎక్కే పడవకి, అంతకుమించి అక్కర్లేదు. పడవ శాశ్వతంగా మంచినీళ్ళలోనే కట్టేసి ఉంటే అప్పుడు మెగ్నీషియం.

వేసేముందు ఆనోడ్ కూర్చునే చోట పెయింటు గీకి లోహం మెరిసేలా చేయండి. బిగించాక మల్టీమీటర్‌తో ఆనోడ్‌కీ ఇంజిను కాలికీ మధ్య చూడండి, 1 ఓమ్ లోపు ఉండాలి. ఆనోడ్ మీద పెయింటు వేయొద్దు, అందంగా ఉంటుందని వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సగం అరిగితే మార్చేయడమే.

రెసిన్ మేస్త్రీ (బరంపురం)
అణియం కింది దెబ్బ గురించి ఎవరూ మాట్లాడలేదు. మ్యాట్ బయటపడిందంటే నీళ్ళు పీల్చి ఉంటుంది, దాని మీద పట్టీ వేస్తే మూడు నెలల్లో ఊడుతుంది. ముందు ఆరబెట్టాలి. ఆ చోట పాలిథిన్ కాగితం పరిచి నాలుగు అంచులా టేపు వేయండి. పొద్దున్న కాగితం లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే. రెండు రోజులు వరసగా పొడిగా కనిపించాకే పని మొదలు.

గ్రైండింగ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. దెబ్బ లోతు 3 మిల్లీమీటర్లయితే చుట్టూ దానికి 12 రెట్లు, అంటే సుమారు 36 మిల్లీమీటర్లు వాలుగా చెక్కాలి. నిలువుగా గుంట తవ్వి నింపితే అంచు వెంట బీట వస్తుంది. ఎసిటోన్‌తో తుడిచి 450 గ్రాముల చాప్డ్ మ్యాట్ నాలుగు పొరలు. ఏ పొర ముందన్న దాని మీద రెండు స్కూళ్ళున్నాయి, నా ఓటు పెద్ద ముక్క ముందు, చిన్నవి తరవాత అనేదానికి. మీ జానెడు చోటు 20 సెంటీమీటర్ల చదరం అనుకుంటే నాలుగు పొరల మ్యాట్ సుమారు 72 గ్రాములు, దానికి రెండున్నర రెట్లు రెసిన్, అంటే 180 గ్రాములు. 200 చేసుకోండి, కానీ ఒకేసారి కాదు, వందా వందా. ఎండకి పెద్ద గిన్నెలో రెసిన్ త్వరగా వేడెక్కి చేతిలోనే రాయవుతుంది. పొద్దున్న మంచు తడి ఆరిన వెంటనే మొదలుపెట్టి పది లోపు ముగించండి.

బరంపురం బోటు
షాపులో రెసిన్, దాన్ని గట్టిపరిచే కోబాల్ట్, క్యాటలిస్ట్ మూడూ వేర్వేరు సీసాల్లో ఇచ్చారు. పని తొందరగా అవుతుందని కోబాల్ట్, క్యాటలిస్ట్ ముందే ఒక సీసాలో కలిపి ఉంచుకోవచ్చా మేస్త్రీ గారూ?

రెసిన్ మేస్త్రీ
చచ్చినా వద్దు. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలుతాయి కూడా. ఒకదాన్ని కొలిచిన చెంచాతో రెండోదాన్ని ముట్టుకోకూడదు. రెండు సీసాలూ ఒకే అరలో పక్కపక్కన పెట్టకూడదు.

వరస ఇది: ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో వేసి బాగా కలపాలి. డబ్బా మీద రాసినంతే, మామూలుగా 1 నుంచి 2 శాతం. రెసిన్ గులాబీ ఛాయకి తిరుగుతుంది. ఆ రెసిన్ రోజులు ఆగుతుంది. వాడేముందు వంద గ్రాములు వేరు చేసుకుని, సూది లేని సిరంజితో క్యాటలిస్ట్ 1 నుంచి 1.5 మిల్లీలీటర్లు. ఇక్కడి ఎండలకి 1 చాలు. కళ్ళద్దాలు పెట్టుకోండి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం. పడితే పదిహేను నిమిషాలకి తక్కువ కాకుండా నీళ్ళతో కడుగుతూ, ఆ వెంటనే ఆసుపత్రికి.

పైన జెల్‌కోట్ వేశాక గాలి తగిలితే జిగురు వదలదు. ఓహెచ్‌పీ షీట్ లాంటి ప్లాస్టిక్ కప్పి రోలర్‌తో నొక్కితే గాజులా ఆరుతుంది. ఇంకోటి, అసలు దోషి ట్రైలర్ రోలర్. అది గట్టిపడి ఉంటే మార్చకుండా ఈ పనంతా చేయడం దండగ.

మాచ్‌ఖండ్ చలి
ఆర్‌పీఎం. ప్రొపెల్లర్ కొనేముందు మూడు చూడండి. ఒకటి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే కార్బురేటర్లో గాలిని వదిలే రేకు (బటర్‌ఫ్లై) పూర్తిగా తెరుచుకుంటోందా, లేక కేబుల్ సాగిందా. రెండు, అడుగుకి నాచు, పెంకులు పట్టాయా. మూడు, పాత పడవల్లో ఫ్లోరు కింద ఫోమ్ నీళ్ళు పీల్చి యాభై, వంద కిలోలు మోస్తూ ఉంటుంది. ఫ్లోరు మీద తట్టి చూడండి, బోలు శబ్దం రావాల్సిన చోట మొద్దు శబ్దం వస్తే అనుమానించండి.

ఇవన్నీ బాగుంటే పిచ్ ఎక్కువన్నమాట. ఈ తరహా 40 టూ స్ట్రోకులకి ఫుల్ థ్రాటిల్ పరిధి 4,500 నుంచి 5,500. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మీరు 11కి దిగితే 4,500 దాటతారు.

జోలాపుట్ నిండు మట్టం 2,750 అడుగులు, సముద్రం మీద నుంచి లెక్క. వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం చొప్పున ఇంజిను బలం 8 శాతం దాకా తగ్గుతుంది, ఆర్‌పీఎం మరో వంద, నూటయాభై పడుతుంది. అందుకే నలుగురితో, సామానుతో తిరిగేట్టయితే ఇక్కడికి 10 పిచ్ స్పేర్ తెచ్చుకోండి. స్పేర్ ఎలాగూ కావాలి, ఎందుకో చిత్రకొండ వాళ్ళు చెబుతారు.

సీలేరు మలుపు (చిత్రకొండ, మల్కన్‌గిరి జిల్లా)
ఎందుకంటే మోడులు బాబూ. బలిమెల రిజర్వాయర్ అయినా జోలాపుట్ అయినా ఒకప్పటి కొండలోయే కదా. చెట్లు మునిగాయి, మోడులు మిగిలాయి. నిండుగా ఉన్నప్పుడు ఏటీ కనిపించదు. బలిమెల నిండు మట్టం 1,516 అడుగులు, అక్కణ్ణుంచి పదడుగులు దిగేసరికి నిన్న దాటిన చోటే ఇవాళ మోడు ప్రొపెల్లర్ ఎత్తుకొచ్చేస్తది. నీరు ఎంతుందో పేపర్లో చూసి దిగాలి. జీపీఎస్‌లో పాత దారిని నమ్ముకోకండి.

ఇంజిను టిల్ట్ లాకు ముందుకెళ్ళేటప్పుడు వదులుగా ఉండాలి. అప్పుడు మోడు తగిలితే కాలు దానంతటదే పైకి లేస్తది. లాకు బిగించి ఉంటే ఆ దెబ్బ ఇంజిను బిగించిన వెనక పలక, ట్రాన్సమ్‌కి తగుల్తది. మనిషి పడితే ఇంజినుని ఆపే కిల్ స్విచ్ తాడు మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో, సీటుకి మాత్రం కాదు.

లంగరు మోడుకి చిక్కుతాదని తెలిసే వేయాలి. గొలుసు లంగరు పై కంటికి కాకుండా అడుగు కొసకి కట్టి, పై కంటి దగ్గర సన్నటి తాడుతో ముడెయ్యండి. చిక్కితే గట్టిగా లాగగానే సన్నతాడు తెగి, లంగరు వెనకనుంచి ఊడొస్తది.

ఘంటశిల
ఆ సన్నతాడు ఏర్పాటు రంభలో వద్దు, రాత్రి గాలికి తెగి కూర్చుంటుంది. ఇక్కడ అడుగంతా బురద. నాలుగు కొక్కేల లంగరు బురదని దున్నుకుంటూ పోతుందే తప్ప పట్టదు. రెక్కలు విచ్చుకునే డాన్‌ఫోర్త్ రకం, ఈ పడవకి 4, 5 కిలోలు. దానికి 8 మిల్లీమీటర్ల గొలుసు 3, 4 మీటర్లు, ఆపైన 10 లేదా 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు. నీళ్ళ లోతు 2 మీటర్లు, అణియం ఎత్తు అర మీటరు, మొత్తం రెండున్నర. దానికి 7 రెట్లు, 17, 18 మీటర్లు వదలాలి. నీలం ప్లాస్టిక్ తాడు చవక, కానీ నీళ్ళ మీద తేలి మీ ప్రొపెల్లర్‌కే చుట్టుకుంటుంది, ఎండకి పొడిపొడి అవుతుంది.

రంభలో దారి తెలియాలంటే బీకన్ దీవి మీది స్తంభం, ఘంటశిల కొండ ఈ రెండూ కంటికి ఆనవాళ్ళు. రొయ్యల కోసం వల కట్టిన ఘేరీల వెదురు కర్రల వరస కనిపిస్తే చివరి కర్ర దాటి ఇంకో యాభై మీటర్లు తిరగండి, వల కర్రల దగ్గరే ఆగదు. వల చుట్టుకుంటే ఇంజిను ఆపి, కాలెత్తి, విప్పాలి తప్ప రివర్స్ కొట్టకూడదు. కోయాల్సి వస్తే ఆ వల ఒకరి కూడు అని గుర్తుంచుకుని, వాళ్ళని వెతికి డబ్బులిచ్చి రండి.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక వాయవ్యాన నల్లబడితే దగ్గరున్న దీవి చాటుకి పోవడమే. లోతు తక్కువ గనక అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి, 18 అడుగుల పడవ అణియం ముంచుతుంది. అక్టోబర్లో అయితే వాతావరణ శాఖ మాట వినగానే పడవ ఒడ్డెక్కాలి. ఫైలిన్ తుపాను వచ్చింది 2013 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. ట్రైలర్ మీద డ్రెయిన్ ప్లగ్ తీసేసి, టైర్లలో గాలి తగ్గించి, నాలుగు మూలలా భూమిలో మేకులకి కట్టాలి.

కొత్త తెడ్డు
పెట్రోల్ సంగతి ఎవరైనా చెప్పండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కదా, పడవ ఇంజిన్లకి ఇబ్బందేనా?

ప్రాణహిత ఒడ్డు
ఇబ్బందే. చాన అవుట్‌బోర్డుల మాన్యువల్ల 10 శాతం దాకనే రాసి ఉంటది. ఇథనాల్ గాలిల తేమను గుంజుకుంటది. నీళ్లు ఎక్కువైతె ఇథనాల్‌తోని కలిసి టాంకు అడుగున వేరే పొర కడుతది. ఇంజిను చాలైతది, రెండు నిమిషాలకు ఆగుతది, మళ్ల చాలైతది. ప్లగ్గులు మార్చి మార్చి మనిషి అలిసిపోతడు. గాజు సీసల పోసి చూస్తె గీత కనపడుతది. అప్పుడు ఆ పెట్రోల్ మొత్తం పారబొయ్యాలె, వడకడితె బాగుగాదు.

టాంకుకు ఇంజినుకు నడుమ 10 మైక్రాన్ల వాటర్ సెపరేటర్ ఫిల్టర్. నెల మించి పెట్రోల్ నిలవ పెట్టద్దు. ఇంటికి పొయ్యేముందు పైపు ఊడదీసి, కార్బురేటర్ల ఉన్నది కాలిపొయ్యేదాక నడపాలె. పాత రబ్బరు పైపులు, పిండే బల్బు ఇథనాల్‌కు ఉబ్బుతయి, జిగటైతయి, ఇథనాల్‌కు తట్టుకునే రకం వెయ్యుండ్రి. ఆయిల్ మెరైన్ టీసీ-డబ్ల్యూ3 రకమే, మాన్యువల్ల 50కి 1 అని ఉంటె లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25 లీటర్ల టాంకుకు అర లీటరు. బైకు టూటీ ఆయిల్ పోస్తె పిస్టన్ మీద మసి గడుతది.

40 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఫుల్ మీద గంటకు 18 లీటర్ల దాక తాగుతది. పొయ్యేటందుకు ఒక వంతు, వచ్చేటందుకు ఒక వంతు, ఇంకో వంతు ముట్టద్దు.

సీలేరు మలుపు
గోదారి మీద తిప్పేవోళ్ళకి మా మోడుల గొడవ లేదు కదా, హాయి.

ప్రాణహిత ఒడ్డు
హాయి ఎక్కడిదన్నా. ఇక్కడ ఇసుక. ఇంజినుకు నీళ్లు ఎక్కించే పంపు ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) రెండేండ్లు రావాల్సింది ఒక్క ఎండకాలానికే అరుగుతది. ఇంజిను పక్కకెల్లి చిమ్మే పిల్లధార సన్నబడుడు మొదలైందంటె ఇంపెల్లర్ ఒక్కటే మార్చద్దు, దాని కింది పళ్లెం, చుట్టు గిన్నె గీతలు పడ్డయా చూడుండ్రి. గీతల మీద కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్లు ఎక్కయి. ఇసుక దిబ్బకు ఆనితె రివర్స్ కొట్టుడు బంద్, ఇసుకంత పంపులకే పోతది. ఇంజిను ఆపి, కాలు లేపి, మనుషులను లోతు ఉన్న దిక్కుకు జరిపి, గెడతోని నూకాలె. గెడకు మూడు ఫీట్ల కాడ ఎర్ర రంగు గీత పెట్టుకుంటె లోతు కొలుసుడు అదే. 2023ల మేడిగడ్డ బ్యారేజీ కుంగకముందు అక్కడ గేట్లు ఎత్తితె, దించితె ఇటు మట్టం మారేది, సాయంత్రం కట్టేసిన పడవ పొద్దుగాల్ల ఇసుకల కూసునేది.

రంభ అన్నలకు ఒకటి అడుగుత, వానకాలం మీ నీళ్లు చప్పగైతయి కదా, ఫ్లష్ చేసుడు మానుతరా?

ఘంటశిల
మానకూడదు. నోటికి ఉప్పు తెలియకపోయినా పోయిన నెల ఉప్పు లోపల థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాక నీళ్ళకి దారి తెరిచే కవాటం) దగ్గర గడ్డకట్టి ఉంటుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో పది నిమిషాలు, ఇంజిను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా. అది తెరుచుకోకుండా రెండు నిమిషాల్లో ఆపితే కడిగింది పంపుని మాత్రమే.

మాచ్‌ఖండ్ చలి
కాగితాల మాట కూడా. 1917 నాటి చట్టం పోయి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం, 2021 వచ్చింది. ఇంజిను పడవకి సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్, బీమా. రిజిస్ట్రేషన్ ఒక రాష్ట్రంలో చేయిస్తే దేశమంతా చెల్లుతుంది, కాబట్టి జోలాపుట్‌లో సగం నీళ్ళు ఆంధ్రావా అన్న తగువు మీకు రాదు. కానీ రిజర్వాయర్‌లో దిగడానికి ప్రాజెక్టు వాళ్ళ అనుమతి వేరే సంగతి, ముందే అడగండి. రంభ వైపు నలబణ పక్షుల అభయారణ్యంలోకి పడవ పోనీయొద్దు.

ఇక ఘాట్ దారి. ట్రైలర్ ముక్కు బరువు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం ఉండాలి. తక్కువైతే దిగుడులో తోక ఆడిస్తుంది. ఇంజినుని పైకెత్తి దాని సొంత లాకు మీదే వదిలేయకండి, గుంతల కుదుపుకి ట్రాన్సమ్ బోల్టులు వదులవుతాయి. కింద ఊత కర్ర పెట్టండి. రేవు చేరగానే ట్రైలర్ నీళ్ళలోకి దించొద్దు. చక్రాల హబ్బులు కాలుతూ ఉంటాయి, చల్లనీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని గ్రీజులోకి నీళ్ళు పీలుస్తాయి. చేయి పెట్టి ఉంచగలిగేదాకా ఆగండి, ఇరవై నిమిషాల పని.

బరంపురం బోటు
ప్రొపెల్లర్ విప్పాను. ఘంటశిల అన్న చెప్పినట్టే నల్ల రింగు, గోటికి పొరలుగా లేచింది, దాదాపు మీటరు దారం. సీళ్ళు రెండూ ఆర్డర్ పెట్టాను. విప్పినప్పుడు ఇంకోటి కనిపించింది: ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు హబ్ అంచు కొంచెం నలిగింది. మోడుకి తగిలిందేమో. ఇది జారుతోందో లేదో నీళ్ళలో దించకుండా తెలుస్తుందా?

సీలేరు మలుపు
తెలీదు, దించాలి. దించేముందు లోపలి ఇత్తడి గొట్టం మీంచి రబ్బరు దాటి ప్రొపెల్లర్ దాకా తెల్లపెయింటుతో ఒక్క నిలువు గీత గీయండి. ఆరాక ఒడ్డు దగ్గరే నాలుగైదు సార్లు ఒక్కసారిగా థ్రాటిల్ ఇచ్చి, ఎత్తి చూడండి. గీత తిన్నగా ఉంటే బాగున్నట్టే. గొట్టం మీద గీత ఒకచోట, ప్రొపెల్లర్ మీద ఇంకోచోట ఉంటే రబ్బరు జారిందన్నమాట, దాంతో నడివేగం మించి పోకుండా రేవుకి రండి.